సీతారత్నం ఐదువందల నాలుగో భాగహారం

సీతారత్నం ఆర్.కె. పురంలోని ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. కాకినాడలో లెక్కలు ప్రధానంగా బి.ఎస్సీ. చదివింది. ఢిల్లీ వచ్చి ఇరవై ఏళ్లయినా ఆ చదువుతో ఎప్పుడూ పనిపడలేదు.

2003 నవంబరులో ఒక సాయంత్రం, ఎనిమిదో తరగతి చదివే కూతురు హారిక నోటుబుక్కులో 12,34,56,789 అని వేసి చూపించింది.

"అమ్మా, దీన్ని ఏ నంబర్లు డివైడ్ చేస్తాయి?"

అంకెలు కూడితే నలభై అయిదు. అంటే తొమ్మిది పోతుంది. భాగిస్తే 1,37,17,421 వచ్చింది.

"ఇంక విడిపోదే. ఇది ప్రధాన సంఖ్యే."

"పక్కా?"

సీతారత్నం తడబడింది. కంప్యూటర్‌లో చూస్తానని హారిక లేవబోతే చెయ్యి పట్టి ఆపింది. "ఉండవే, నేనే తేలుస్తాను."

అది రెండు సంఖ్యల లబ్ధమే అయితే వాటిలో చిన్నది దాని వర్గమూలాన్ని, అంటే సుమారు 3,703ను, దాటదు. అంతవరకూ ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ జాబితా రాసుకుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆడవాళ్లంతా ఆఫీసు పచ్చికలో ఎండకు కూర్చుని స్వెట్టర్లు అల్లేవాళ్లు. సీతారత్నం మాత్రం భాగహారాలు చేసేది. రోజుకు ఏడో ఎనిమిదో.

"ఒక్కదానికైనా శేషం సున్నా రాలేదా ఏంది?" అని నవ్వేది పక్క సీటు సరోజ. ఆమెది వరంగల్.

"రాకపోతేనే కదండీ, నా మాట నిలిచేది!"

ఫిబ్రవరి నాటికి ఐదువందల మూడు అయిపోయాయి. ఇంక పద్నాలుగే మిగిలాయి. ఆ రోజు 3,607 వంతు. మూడుసార్లు పోయింది, ఎనిమిదిసార్లు పోయింది, తర్వాత ఒక్కసారీ పోక సున్నా వేసింది. చివరికి 10,821 మిగిలింది. 3,607 మూళ్లు ఎంతో పక్కనే వేసి ఉంది. 10,821!

"సరోజగారూ, పోయింది! 3,803 సార్లు!"

"అయ్యో, నీ మాట తప్పాయె!"

"తప్పిందండీ, పూర్తిగా తప్పింది!" అంటూ ఆవిడ పగలబడి నవ్వింది.

మరి 3,803 విడిపోతుందా? దానికి అరవై ఒకటి వరకూ చూస్తే చాలు. రెండు, మూడు, అయిదు పోవని చూపుకే తెలుస్తోంది. మిగిలినవి పదిహేను. సరోజ సూదులు పక్కన పెట్టి, "ఇటియ్యి, నాకో మూడు" అంది. అక్కడున్న అయిదుగురూ తలా మూడు పంచుకున్నారు. ఎవరికీ సున్నా రాలేదు.

సీతారత్నం ఇంటికి ఫోన్ చేసింది. హారిక అప్పుడే బడి నుంచి వచ్చింది.

"రాసుకోవే. మూడు, మళ్లీ మూడు, 3,607, 3,803. అంతే, ఇంక విడగొట్టలేం."

"అంటే యూ వర్ రాంగ్, అమ్మా?"

"అవునే!"

"తో ఫిర్ ఇంత ఖుష్ ఎందుకు?"

"ఏమోనే, చాలా బాగుంది. ఇంకో పెద్ద నంబరు చూసి ఉంచు."