వేడి పాల సాంద్రత

మొన్న ఆదివారం గవర్నర్‌పేటలో పాత శిష్యులంతా కలిసి మా మావయ్యకు సన్మానం చేస్తుంటే వెళ్ళి, శాలువా కప్పకముందే లేచి వచ్చేశాను. నేరుగా ఆటో ఎక్కి భవానీపురంలో ఇంటికి వచ్చిపడ్డాను. ఎనభై దాటిన మనిషి, మైకు పట్టుకుని, సైన్సుకు బంధుత్వాలుండవంటూ, ఒకప్పుడు మా ఊరి పాలకేంద్రంలో సొంత అక్క పాలనే నీళ్ళపాలని నలుగురిలో తేల్చి చెప్పానని నవ్వుతూ చెప్పుకుంటే, హాలంతా చప్పట్లు. ఆ అక్క మా అమ్మే. ఆవిడ పోయింది కాబట్టి ఆ చప్పట్లు వినే ఖర్మ తప్పింది, నాకు తప్పలేదు.

మాది బందరు కాలవ పక్కన ఊరు. తల్లి లేని తమ్ముణ్ణి అమ్మే పెంచింది, గేదెల్ని మేపి బెజవాడలో బీయస్సీ దాకా చదివించింది. చదువై మా ఊరి హైస్కూలుకే సైన్సు మాస్టారుగా వచ్చిన మావయ్య మా ఇంట్లోనే ఉండేవాడు. పాఠం చెప్పడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు, ఆ మాట ఇప్పటికీ ఒప్పుకుంటాను. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా పదార్థం, ద్రవ్యరాశి, ఘనపరిమాణం, సాంద్రత అని పుస్తకంలో ఉన్న గట్టి మాటలన్నీ మా వంటింటి సామానుతోనే అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. ఒక సీసాలో సిరా కలిపిన నీళ్ళు పోసి, బిరడాలో సన్నని గాజు గొట్టం గుచ్చి, ఆ సీసాను వేడినీళ్ళ గిన్నెలో పెడితే గొట్టంలో సిరానీళ్ళు పైకెక్కాయి. కొత్తగా చుక్క పోయలేదు, ఉన్న నీళ్ళే వేడికి ఎక్కువ చోటు తీసుకున్నాయి, ద్రవ్యరాశి అంతే ఉండి ఘనపరిమాణం పెరిగింది గనక సాంద్రత తగ్గింది అన్నాడు. ఆ తర్వాత ఒక రెల్లుపుల్ల కింద మైనంతో చిన్న ఇనప మేకు అంటించి నీళ్ళలో నిలువుగా తేల్చాడు. ఉప్పునీళ్ళలో ఆ పుల్ల పైకి లేచేది, వేడినీళ్ళలో కొంచెం దిగేది. నేను చాలా రోజులు దాంతోనే ఆడుకున్నాను.

ఆ చలికాలంలోనే మా ఇంటికి సరిగ్గా ఎదురుగా పాలకేంద్రం పెట్టారు. మిగతావాళ్ళంతా పొలాల్లోంచి, అవతలి గూడెం నుంచి కాలవగట్టు మీద నడిచి వచ్చేవారు, మంచులో ఆ పాలన్నీ చల్లారిపోయేవి. అమ్మ మాత్రం పొదుగు కింద నుంచి లేచిందే తడవుగా రోడ్డు దాటేది, క్యానులో నురగ అలాగే ఉండేది. పిండిన పాలు కిందకి దించకుండా తీసుకెళ్తే నీళ్ళు కలిపే సందే ఉండదని, అంతకంటే నిజాయితీ ఏముంటుందని ఆవిడ నమ్మకం. నీళ్ళపాలని తేలితే వాటిని తిప్పి పంపి, ఆ ఇంటి క్యాను సాయంత్రం దాకా కేంద్రం అరుగు మీద అందరికీ కనబడేలా బోర్లించి ఉంచాలని ఊరి పెద్దలు కట్టుబాటు పెట్టారు. ఆ కట్టుబాటు మంచిదేనని మా అమ్మ కూడా అంది.

నీళ్ళు కలిసిన పాలలో కిందికి దిగిపోయే గాజు గొట్టం లాక్టోమీటరు. అది కొత్తగా వచ్చిన రోజున, సైన్సు మాస్టారు గనక, మావయ్యనే పరీక్ష చేయమన్నారు. ఊరంతా పోగైంది. అందరి పాలలోనూ గాజు గొట్టం గీత దగ్గర నిలబడింది, అమ్మ పాలలో మాత్రం కిందికి దిగిపోయింది. కేంద్రం పెద్దాయన ఇబ్బందిగా, "మాస్టారూ, మీ అక్కగారి పాలు కదా, మీరే చెప్పండి" అన్నాడు. నేను ఆగలేక, "మావయ్యా, పాలింకా వేడిగా ఉన్నాయి కదా!" అని అరిచాను. మావయ్య నా వైపు చూడలేదు. "పెద్దవాళ్ళ మధ్య నీకేం పనే?" అని గదమాయించి, వాళ్ళకేసి తిరిగి, "లాక్టోమీటరు అబద్ధం చెప్పదండీ" అన్నాడు. మా క్యానును తన చేత్తోనే బోర్లించాడు.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అమ్మ, "నిజంగా నీళ్ళున్నాయంటావా తమ్ముడూ?" అని అడిగింది. అప్పుడైనా చెబుతాడనుకున్నాను. "క్యాను అడుగున కడిగిన తడి ఉండిపోయి ఉంటుందిలే అక్కా, కావాలని కలిపావని ఎవరన్నారు?" అన్నాడు, ముద్ద కలుపుకుంటూ. తర్వాత పెరట్లో నేను నిలదీస్తే, "నీకు తెలిసింది నాకు తెలియదటే? అక్కని వెనకేసుకొచ్చానంటే రేపు నా మాటకి ఊళ్ళో విలువేముంటుంది?" అన్నాడు. అంతవరకు నాకు దేవుడి తర్వాత ఆయనే. ఆ మాట విన్నాక ఆయన క్లాసులో తలెత్తి బోర్డుకేసి చూడటం మానేశాను.

అమ్మ మర్నాటినుంచి కేంద్రం గడప తొక్కలేదు. చర్చిలో స్త్రీల కూటంలో ఎప్పుడూ ముందుండి ప్రార్థన చేయించే మనిషి, తర్వాత ఎవరు అడిగినా, ఇంకెవరినైనా చేయమనండి అని వెనక చాప మీదికి జరిగి కూర్చునేది. నేను పెద్దయ్యాక, నేనే టీచరయ్యాక కూడా, వేడి పాలూ చల్లారిన పాలూ పక్కపక్కన పెట్టి, లాక్టోమీటరు వేసి ఆవిడకు చూపించాను, నీ తప్పేమీ లేదమ్మా అని బతిమాలాను. అంతా చూసి, నా చెంప నిమిరి, "నామీద ప్రేమకొద్దీ చెబుతున్నావులే. అంత చదివిన తమ్ముడికి తెలియదా?" అంది. ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ ఇంట్లో ప్రతి గిన్నెనూ కడిగి, పొడిగుడ్డతో తుడిచి, లోపల వేలుపెట్టి తడి ఉందేమోనని చూసుకునేది.

ఇప్పుడు పాలకేంద్రాల్లో మిషన్లు వచ్చాయి, పాలు ఎంత వేడిగా ఉన్నాయో కూడా అవే లెక్క చూసుకుంటాయట, అక్కడ ఎవరి తమ్ముడూ నిలబడి సాక్ష్యం చెప్పక్కర్లేదు. మా రోజుల్లో మనిషి మాటే మిషను, అందులోనూ మనం పెంచి చదివించినవాడి మాటైతే ఇక తిరుగు లేదు. నేను చెప్పిన సైన్సు అమ్మకు ప్రేమలా వినబడింది, తమ్ముడి అబద్ధం సైన్సులా వినబడింది. తన చేత్తో పిండిన పాలలో ఏముందో తనకే తెలియదేమోనన్న అనుమానంతోనే ఆవిడ పోయింది.