మూడు ఆయ్‌ల వెబ్‌సైటు

'ఆయ్' అన్న చిన్న మాటను నమ్మి ఒకావిడ రెండేళ్ల కష్టాన్ని గోదాట్లో కలిపిన ఘనుణ్ని మీరు చూసి ఉండరు. ఇదిగో, నేనే.

అమలాపురంలో ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వెలిసిన రోజులు. నేను పత్రికా విలేఖరిని, మా రక్తదాతల సంఘానికి కార్యదర్శిని. మేరీ టీచరుగారు ఊరూరా తిరిగి దాతల పేర్లు, ఫోన్ నంబర్లు నోటుబుక్కులో రాసుకొస్తే వాటిని వెబ్‌సైటులో ఎక్కించాం. ఇంకా కాగితాలెందుకని నోటుబుక్కును పాత పేపర్లవాడికి వేసేశాను. అదొక తెలివి.

సైటు పేరు ఏ ఒక్కరి సొత్తూ కాకూడదని రెండో తెలివి చూపించాను. పాస్‌వర్డును పూతరేకులా మూడు ముక్కలు చేసి నేను, టీచరుగారు, కొబ్బరి వ్యాపారి సత్తిబాబుగారు తలా ఒకటి దాచుకున్నాం.

"ఏటా రెన్యువల్ చేయించాలండి. లేకపోతే పేరూ పోద్ది, లోపలున్నదీ పోద్ది," అన్నాను మీటింగులో.

"ఆయ్," అన్నారు టీచరుగారు.

"ఆయ్," అన్నారు సత్తిబాబుగారు.

మర్యాదకు నేనూ "ఆయ్" అన్నాను.

బయటి ఊళ్ల పాఠకులకు మనవి. మా ఆయ్‌కి 'చేస్తాను' అని అర్థం కాదు, 'తమరు చెప్పారు, విన్నాను' అని. పుట్టినప్పటి నుంచీ వింటున్న నాకు ఆ పూట మాత్రం గుర్తు రాలేదు.

ఏడాది దాటాక రాజోలు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు.

"మా అమ్మాయికి పురుడండి. ఓ నెగిటివ్ రక్తం కావాలన్నారు. మీ సైటు తెరిస్తే బట్టతలకి నూనె ప్రకటన పెట్టేరేంటండి?"

రెన్యువల్ ఎవరూ చేయించలేదు, సైటు పేరు ఇంకెవడో కొనేశాడు. సత్తిబాబుగారిని అడిగితే, "రాతకోతలు మీవి కదండీ, మీరు చూస్తారనుకున్నాను," అన్నారు. టీచరుగారు, "పెద్దవారు మీరుండగా నేను చొరవ చేస్తే బాగోదని ఊరుకున్నానండి," అన్నారు.

ఆవిడ కాసేపు కళ్లు మూసుకుని, "కొత్తపేటలో ఒక టైలరుగారు ఉన్నారండి. ఓ నెగిటివే," అన్నారు. ఆయన మిషను ఆపి బస్సెక్కాడు. తల్లీబిడ్డా క్షేమం. మిగతా దాతలెవరూ ఆవిడకు గుర్తు రాలేదు.

నన్ను ఒక్క మాటా అనలేదు. కొత్త నోటుబుక్కు కొనుక్కుని మళ్లీ వాడపల్లి నుంచి మొదలుపెట్టారు. నన్నో మాట అనుంటే బాగుండేది.

మొదటి పేజీ నిండగానే తెచ్చి చూపించారు. "దీనికో నకలు రాసి మీ దగ్గరుంచుకుంటారాండి?"

"ఆయ్," అన్నాను.

ఆవిడ నా జేబులోని పెన్ను తీసి చేతికిచ్చారు. "ఆయ్ కాదండి. కూర్చోండి, రాయండి."

గోదారమ్మ సాక్షిగా చెబుతున్నాను. ఇక జన్మలో ఎవరి ఆయ్‌నూ నమ్మను. ముఖ్యంగా నాది.