డబ్బా బీరు, గోనె మీది లాందా

మద్యపానానికి వ్యతిరేకంగా నేను మాట్లాడిన సభలు తక్కువేమీ కాదు. ఒడిశాలో రాయగడ రైల్వే క్వార్టర్ల మధ్య, సెమిలిగుడ బజారులో, మైకు ఉన్న చోటా లేని చోటా మాట్లాడాను. వినేవారిలో సగం మంది తాగి వచ్చినవారే కావడంతో సభలు ఎప్పుడూ ఉత్సాహంగా జరిగేవి. అందుకే సెమిలిగుడ దగ్గర మా చెల్లెలు ఉండే టౌన్‌షిప్‌లో, సంక్షేమ సంఘం కార్యదర్శికి ఒక వినతిపత్రం అవసరమైనప్పుడు నేనే గుర్తొచ్చాను.

టౌన్‌షిప్ గేటు దగ్గర వారం వారం సంత జరుగుతుంది. అక్కడ ఒక దేశియా స్త్రీ, అంటే ఈ కొండప్రాంతపు స్థానికురాలు, గోనె పరుచుకుని, అల్యూమినియం బిందెలో లాందా అమ్ముతుంది. చోళ్ళూ, అంటే రాగులూ, బియ్యమూ పులియబెట్టి చేసే పుల్లని పానీయం అది. నంజుకోవడానికి ఆకులో ఉప్పూ దంచిన మిరపకాయా పెట్టి ఇస్తుంది. ఆమెను అక్కడి నుంచి లేపించాలని కార్యదర్శి పట్టుదల. లేపిస్తే ఆమెకు మరో చోటు లేదు. మిగతా సంతంతా ప్లాస్టిక్ బకెట్లవాళ్ళూ రెడీమేడ్ బట్టలవాళ్ళూ ఆక్రమించేశారు. ఆ సంగతి తెలిసే వినతిపత్రం రాశాను. అందులో ‘దుర్వాసన’, ‘అనాగరికం’ అన్న మాటలు నావే. మంచి మాటలు కుదిరాయని అప్పుడు సంతోషించాను కూడా.

సంతకు ముందురోజు మధ్యాహ్నం కార్యదర్శి ఆ కాగితం పట్టుకుని మా చెల్లెలి క్వార్టర్‌కు వచ్చారు. బావ షిఫ్టుకు వెళ్ళాడు. బెంగళూరులో బీరు తయారుచేసేచోట పనిచేసే మేనల్లుడు సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. నేను సంతకం చేసిన కాసేపటికి, అతను ఫ్రిజ్‌లోంచి ఒక డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని మీద టమాటా బొమ్మ, పక్కనే కళ్ళజోడు పెట్టుకున్న మిరపకాయ.

“ఇదేటి బాబూ, సాస్ డబ్బానా?” అన్నారు కార్యదర్శి.

“బీరేనండి. టమాటా రసంలో వోడ్కా పోసి, ఉప్పూ మిరియాలూ కలిపి తాగుతారు కదా, ఆ కాక్‌టెయిల్ రుచిని బీరులోకి తెచ్చేం. దీనికోసం మా కాడ జనం లైన్లో నిలబడతన్నారు.”

“టమాటా పులుసులో సోడా పోసేరన్నమాట,” అంది చెల్లెలు వంటింట్లోంచి.

కార్యదర్శి ఆ మాట వినిపించుకోలేదు. మూత తీయకముందే డబ్బాను అటూ ఇటూ తిప్పి, “సూడండి మాస్టారూ, నాగరికత అంటే ఇదీ,” అన్నారు.

రుచి చూడకుండానే తీర్పు చెప్పేవారిని నేను సహించలేను. బాబాల విభూతిని ప్రయోగశాలకు పంపిన మనిషిని. కళ్ళకు గంతలు కట్టుకుని తాగుదామన్నాను. తాగడం వేరు, పరీక్షించడం వేరని మనసుకు నచ్చజెప్పుకున్నాను. ఈ వాదన ఎదుటివాళ్ళ నోట విని నేను చీల్చి చెండాడినదే.

“ఒక గ్లాసులో ఇది పొయ్యమ్మా. రెండో దాంట్లో నీకు తోచింది పొయ్యి. ఏది ఏదో మాకు చెప్పకు,” అన్నాను చెల్లెలితో.

నేనూ కార్యదర్శీ కళ్ళకు తువ్వాళ్ళు కట్టుకుని కూర్చున్నాం. ఇద్దరు సంస్కర్తలు పెళ్ళిచూపులకు వచ్చిన గుడ్డి వరుల్లా ఉన్నారని మేనల్లుడు నవ్వాడు.

మొదటి గ్లాసులో పచ్చి టమాటా వాసన, నోరు ముడుచుకునేంత ఉప్పు, వెనకాల చేదు. “ఇది సెల్లెమ్మగారి పనే. సోడాలో సాస్ కలిపీసేరు,” అన్నారు కార్యదర్శి. నేను తలూపాను. రెండోదాంట్లో టమాటా ఉంది గాని అణిగిమణిగి ఉంది. పులుపు నాలుక మీద మెల్లగా విచ్చుకుంది. మిరియం గొంతు దాటాక గాని పలకలేదు.

“ఇదీ డబ్బాది. పులుపు కూడా ఎంత మర్యాదగా ఉందో,” అన్నారాయన.

నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. “అన్నీ కొలిచి వేసినట్టున్నాయి. ఈ కొలత మనవాళ్ళకు కుదరదు,” అన్నాను.

వంటింటి గుమ్మంలో చెల్లెలు నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపదే.

“అన్నియ్యా, రెండోది పోయిన సంతలో గేటు కాడ కొన్న లాందా. వడగట్టి, ఒక టమాటా పిండి, మిరియాలేసేను. అంతే.”

“మనింట్లో లాందా ఏటమ్మా?” అన్నాను తువ్వాలు విప్పుతూ.

“వారవారం కొంటన్నాను. మోకాళ్ళకి మంచిదని మొదలెట్టేను. ఇప్పుడు మోకాళ్ళు బాగానే ఉన్నాయి గాని మానబుద్ధి కాలేదు.”

తువ్వాలుకు సబ్బు వాసన ఉండడం వల్ల పొరపాటు జరిగిందన్నారు కార్యదర్శి. నాకు పడిశంగా ఉందన్నాను నేను. అన్నాక నా మాట నాకే వినబడింది. విభూతి పరీక్షలో దొరికిపోయిన ప్రతి బాబా ఇలాగే చెప్పాడు: ఈవేళ గాలి బాగులేదు, ఎవరో మైలపడ్డారు. వాళ్ళను నేను వేదిక మీంచి దింపేదాకా వదల్లేదు.

కాగితం తిరిగి ఇమ్మన్నాను. ఆయన ఇవ్వలేదు.

“సంతకం ఎట్టేసేరు కదా మాస్టారూ. ఇప్పుడు కాదంటే పరువేటి?”

“సరే, పంపండి. అయితే ఇవాళ జరిగిన పరీక్ష నేను రెండో పేజీగా రాసిస్తాను. ఎవరు ఏ గ్లాసును ఏమన్నారో పూర్తిగా. రెండూ కలిపి పంపాలి.”

“మీరన్న మాట కూడా రాస్తారేటి?”

“ముందు నాదే రాస్తాను.”

ఆయన డబ్బా మీది మిరపకాయ వైపు చూశారు. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నారు. అది ఇంతవరకు ఏ ఆఫీసుకూ చేరలేదు. సంతలో ఎదురుపడినప్పుడల్లా, “ఆ రెండో పేజీ ఉందా?” అని అడుగుతారు. “భద్రంగా ఉంది,” అంటాను.

పరీక్ష జరిగిన మర్నాడు, సంతరోజున, చెల్లెలితో కలిసి గేటు దగ్గరికి వెళ్ళాను. లాందా అమ్మే ఆమె గోనె మీద కూర్చుని బిందెలో గరిటె తిప్పుతోంది. ఈ గొడవంతా ఆమెకు తెలియదు. సీసా నింపి చెల్లెలికిచ్చి, నాకోసం ఆకుడొప్పలో కొంచెం పోసి చాపింది.

“నేను తాగనమ్మా,” అన్నాను.

“అవును,” అంది చెల్లెలు, “మా అన్నియ్య పరీక్షిస్తాడంతే.”

అందరూ చూస్తుండగా, కళ్ళకు గంతలు లేకుండా, డొప్ప అందుకున్నాను.