ఛాతీలో వెలిగిన చుక్క

మొన్న మెట్రోలో నారాయణగూడ దాటి చిక్కడపల్లి వైపు వెళ్తూ, మేము ఒకప్పుడు కిరాయికి ఉన్న ఇంటి కోసం కిటికీలోంచి వెతికితే, దాని చోట అద్దాల కోచింగ్ సెంటరు కనిపించింది. బాధ కలగవలసింది, సిగ్గేసి తల తిప్పుకున్నాను.

2011లో మేము ఆ ఇంటి మేడ మీద ఉండేవాళ్లం. కింద ఇంటి ఓనరమ్మ ఉండేది, నేను అక్కా అని పిలిచేదాన్ని. అప్పటికే ఆమెకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. నేను ఆ రోగం మీదే ప్రయోగాలు చేసే ల్యాబులో పనిచేస్తానని తెలిసినప్పటి నుంచి, సాయంత్రం గేటు చప్పుడైతే చాలు, మెట్ల మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి అన్నీ అడిగేది. మిణుగురు పురుగుకుండే వెలుగు గుణాన్ని క్యాన్సర్ కణాల్లో పెట్టి, వాటిని ఎలుకలకు ఎక్కించి, చీకటి పెట్టెలో కెమెరాతో చూస్తే, కోయకుండానే రోగం ఎక్కడికి పాకిందో చుక్కలుగా తెలుస్తుందని, అప్పుడే దాన్ని ఆపే మందును పరీక్షించగలమని నేను కాస్త గొప్పగానే చెప్పేదాన్ని.

నెలల తరబడి ఏమీ కనిపించక విసిగిపోయాక, ఒకనాడు ఓ ఎలుక ఛాతీలో చుక్క వెలిగింది. ల్యాబంతా చప్పట్లు కొట్టాం. దారిలో మిఠాయి కొని ముందుగా అక్క చేతిలోనే పెట్టాను.

"ఏంది చెల్లె, గింత ఖుషీగున్నవ్?"

"ఎలుక ఊపిరితిత్తుల్లోకి పాకిందక్కా, ఎంత బాగా కనిపించిందో!"

అనేశాక గానీ, ఆమె కొన్నాళ్లుగా దగ్గుతోందని నాకు గుర్తు రాలేదు. మిఠాయి పట్టుకున్న అక్క చెయ్యి నోటిదాకా వెళ్లి ఆగింది.

"పాపం, దానికి నొప్పయితదా?"

"ముందు తినక్కా" అన్నాను. ఆమె మిఠాయి తిని, బాగుందని కూడా అంది.

తర్వాత స్కానింగులో ఆమెకూ ఊపిరితిత్తుల్లోకే పాకిందని తేలింది. "నాకు గూడ గట్లనే అయ్యిందట చెల్లె. మీ మందు జల్ది అయితదా?" అని అడిగితే, ఏళ్లు పడుతుందని చెప్పలేక, అవుతుందక్కా అన్నాను. ఆ మందు ఎలుకల్లోనే పనిచేయలేదు. మరుసటి ఏడాది అక్క పోయింది, చూడవచ్చిన వాళ్లందరికీ, "మా పైనింటి చెల్లె మందు చేస్తున్నది" అని చెప్పుకుంటూనే.

ఇప్పుడు మేముండే అపార్టుమెంటులో మెట్ల మీద ఎవరూ కూర్చోరు. లిఫ్టులో ఎవరైనా ఏం చేస్తారని అడిగితే సైంటిస్టునంటాను, అంతలో వాళ్ల అంతస్తు వస్తుంది. ఇంకేమీ అడగకుండా దిగిపోతారు. ప్రాణం హాయిగా ఉంటుంది, ఆ హాయికే సిగ్గేస్తుంది.