సైదులు పరిచిన తువ్వాల

పన్నెండేళ్లుగా ఒక తువ్వాల బరువు మోస్తున్నాను. తువ్వాలకు బరువేమిటని నవ్వకండి. ఇది నా భార్యకు కూడా చెప్పలేదు.

మాది మేళ్లచెరువు. సైదులూ నేనూ ఒకే రోజు సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగ్ పనికి చేరాం. కొత్త సినిమా వచ్చిందంటే మేమిద్దరం, లోడింగ్‌లోని మరో ఇద్దరు, మొత్తం నలుగురం కోదాడకు పోవాల్సిందే. అప్పట్లో అక్కడి హాల్లో సీటు నంబర్లు లేవు. గేటు తీయగానే సైదులు దూరిపోయి, ఒక సీట్లో కూర్చుని, పక్క మూడింటి మీద తన ఎర్ర తువ్వాల పరిచేవాడు. మేం సోడా తాగి, మగపెళ్లివారిలా తీరిగ్గా వెళ్లేవాళ్లం. తువ్వాల ఉన్న సీటు జోలికి ఎవరూ వచ్చేవారు కాదు.

పన్నెండేళ్ల కిందట నన్ను సూపర్‌వైజర్‌ను చేశారు. తర్వాతి ఆదివారమే మార్నింగ్ షోకు వెళ్లాం. మిగతా ఇద్దరూ ఇంకా సోడా బండి దగ్గరే ఉన్నారు. నేను లోపలికి వెళ్లేసరికి, సైదులు ముందు మా ఫ్యాక్టరీ సారు నిలబడి ఉన్నారు. సూపర్‌వైజర్ పనికి నా పేరు పైకి పంపింది ఆయనే. వెంట భార్య, కూతురు.

"ఎవరికయ్యా ఈ సీట్లు?"

"మావోళ్లకు సార్. అగో, వస్తుండు సూడుండ్రి, మా దోస్తు," అని సైదులు నావైపు చెయ్యి చూపాడు.

సారు తిరిగి చూశారు. "మీవాడేనా ఇతను?"

"కాదు సార్. ఎవరో, నాకు తెల్వదు."

నన్ను తప్ప లోడింగ్ వాళ్లెవరినీ సారు ముఖం చూసి గుర్తుపట్టరు. ఆ ధైర్యంతోనే అన్నాను. ఆయన తువ్వాల లాగి కింద పడేశారు. ముగ్గురూ కూర్చున్నారు. తువ్వాల తీసుకోవడానికి సైదులు లేచి వంగాడు. తిరిగి నిలబడేసరికి అతని సీట్లో నేనున్నాను.

అతను తువ్వాల దులిపి భుజాన వేసుకుని, సినిమా అయిపోయేదాకా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. హాలంతా ఈలలు వేస్తుంటే సైదులు మాత్రం వేయలేదు. నాకు ఆ కథ ఒక్క ముక్క గుర్తులేదు, గోడ గుర్తుంది.

ఎందుకలా అన్నాను? సారు నా ఉద్యోగం పీకేస్తారనా? ఆయన అలాంటి మనిషి కాదు. నాకు సిగ్గేసింది, అంతే. నిన్నటిదాకా నాతో బస్తాలు మోసినవాడు నన్ను దోస్తు అన్నందుకు సిగ్గేసింది. ఈ మాట నాకు నేను చెప్పుకోవడానికే ఏళ్లు పట్టింది.

మర్నాడు సైదులు ఎప్పటిలాగే తిన్నవా అని అడిగాడు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. ఆ తర్వాత మాతో సినిమాకు మాత్రం రాలేదు. సినిమా అంటే మా అందరిలోకీ పిచ్చి అతనికే.

ఇప్పుడు నంబరుతో సహా సీటు ఫోన్‌లోనే దొరుకుతోంది. మొన్న ఆదివారం రెండు టికెట్లు తీసి సైదులును రమ్మన్నాను. నవ్వి, నువ్వు పోరా అన్నాడు. పోయాను. పక్క సీటు మీద నా కర్చీఫ్ పరిచాను. ఎవరో వచ్చి, ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని అడిగారు.

ఉన్నాడు, నా దోస్తు సైదులు, అన్నాను. నలుగురూ వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా అన్నాను.

వినాల్సినవాడు అక్కడ లేడు. అందుకే మీకు చెబుతున్నాను.