సముద్రాన్ని నేను అడిగింది

నిన్న జనగామ సంతలో ఎండు రొయ్యల వాసన తగిలి కాసేపు నిలబడిపోయాను. విశాఖపట్నం నాకు మొదట ఆ వాసనతోనే తెలిసింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. అమ్మ జబ్బుకు హైదరాబాదు డాక్టర్లు ఆశ లేదన్నారు. విశాఖలో చిన్నమ్మ ఉండేది. అక్కడ ఇంకో డాక్టరుకు చూపిద్దామని బాపు మమ్మల్ని తీసుకుపోయాడు. ఆయనా అదే చెప్పాడు. ఇవేవీ నాకు చెప్పలేదు.

సాయంత్రం సముద్రం ఒడ్డుకు వెళ్లాం. ఒక పక్క రేవులో క్రేన్లు, దూరంగా నిలిచిపోయిన ఓడలు.

“బాపూ, గింత చెరువుకు కట్ట ఏది?” అన్నాను. మా ఊరి చెరువు తూము తీసే పని బాపుది.

“దీనికి కట్ట లేదు, తూము లేదు బిడ్డా.”

“గట్లయితే మీ బాపుకు ఈడ నౌకరి దొరకది” అని అమ్మ నవ్వింది.

మా బచ్చన్నపేట వైపు చెరువు నిండితే ఆడవాళ్లు పసుపు కుంకుమ వేసి గంగమ్మకు మొక్కుతారు. అమ్మ కొంగుముడి విప్పి, తెచ్చుకున్న పసుపు కుంకుమ అలల్లో వేసింది. చాలాసేపు కళ్లు తెరవలేదు.

“నువ్వు గూడ మొక్కు బిడ్డా. చిన్నపిల్లలు అడిగితే గంగమ్మ ఇస్తది” అంది.

మూడేళ్లుగా మా చెరువు ఎండి ఉంది. అది నిండాలనే అమ్మ అడిగిందనుకున్నాను. నేనూ అదే అడిగాను.

ఆ వానాకాలం మా చెరువు నిండి అలుగు పారింది. అమ్మ అప్పటికి లేదు. మా ఇంటి పసుపు కుంకుమ నా చేతికిచ్చి పంపారు. అడిగింది ఇచ్చినందుకు గంగమ్మకు మొక్కి వచ్చాను.