శాశ్వతంగా అన్న మాట

ఈమధ్య ఒక పని మీద వేటపాలెం వెళ్ళాను. ఆటో దిగానో లేదో, జీడిగింజలు కాల్చే పొగ వచ్చి గొంతుకు అడ్డం పడింది. ఆ వాసన ఎరగనివాళ్ళకు చెప్పడం కష్టం. మాడిన నూనెలా ఘాటుగా ఉంటుంది, కళ్ళు మండిస్తుంది, అయినా లోలోపల ఎక్కడో కాల్చిన పప్పు కమ్మదనం ఉంటుంది. నాతోపాటు దిగిన ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గబగబా వెళ్ళిపోయింది. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. ఒకప్పుడు ఆ వాసన నా చీరల్లో, జడలో, నేను దిద్దే పిల్లల నోటుపుస్తకాల్లో కూడా ఉండేది. ఆ ఏళ్ళన్నీ ఉమాదేవి మేడం దగ్గర గడిచాయి. ఆమె ఇప్పుడు ఎక్కడున్నారో నాకు తెలియదు. ఉన్నారో లేదో కూడా తెలియదు.

తొంభైల చివర్లో చీరాలలో డిగ్రీ పూర్తిచేసి, ఇంట్లో అమ్మానాన్నలతో పాటు మగ్గం పని చూసుకుంటున్న రోజుల్లో వేటపాలెంలో ఆమె నడిపే స్కూల్లో టీచరు కావాలని విని వెళ్ళాను. స్కూలంటే పాత జీడిపప్పు గోడౌను. మధ్యలో తడికలు కట్టి గదులు చేశారు. పిల్లల్లో ఎక్కువమంది జీడి బట్టీల్లో గింజలు కొట్టే ఆడవాళ్ళ బిడ్డలు. ఉమాదేవి గారు పుట్టింది చీరాలలోనే అయినా చిన్నతనంలోనే అమ్మానాన్నలతో కెనడా వెళ్ళిపోయారు. అక్కడే పెరిగి, అక్కడి పౌరురాలయ్యారు. పెద్దయ్యాక ఒకసారి చుట్టపుచూపుగా వచ్చి, నూలుకు రంగులద్దే ప్రభాకరం గారిని ఇష్టపడి పెళ్ళి చేసుకుని ఇక్కడే ఉండిపోయారు. ఊళ్ళో అందరి ముందూ భర్తను "ప్రభాకర్" అని పేరు పెట్టి పిలిచేవారు. మొదట్లో ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకునేవారట. నేను వెళ్ళేనాటికి అది అందరికీ అలవాటైపోయింది.

ఇంటర్వ్యూలో ఆమె ఇంగ్లీషులో ఏదో అడిగారు. నాకు అర్థం కాలేదు. అయినా "ఎస్ మేడం" అన్నాను. ఆమె నవ్వలేదు. "నేను అడిగింది నీకు అర్థమైందా?" అని తెలుగులో అడిగారు. తల దించుకుని లేదన్నాను. "ఆ మాట ముందే చెప్పొచ్చుగా. రేపటి నుంచి రా. పిల్లలు అడిగింది తెలియకపోతే తెలియదనే చెప్పు. వాళ్ళకి ఉత్త మాటలు చెప్పేవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు" అన్నారు. ఆమె మాట తీరే అంత. ఒకరోజు నాగరత్నం అనే ఆమె, జీడి రసానికి నల్లబడి తోలు ఊడిన వేళ్ళతో కూతురి చెయ్యి పట్టుకుని వచ్చి, "మా పిల్ల మీకాడ చదివితే ఉద్యోగం వచ్చుద్దా మేడమ్మా?" అని అడిగింది. ఇంకే స్కూలువాళ్ళయినా తప్పకుండా వస్తుందనేవారు. మేడం మాత్రం, "అది నాకు తెలియదమ్మా. చదవడం మాత్రం వస్తుంది" అన్నారు. నాగరత్నం వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. పిల్లను అక్కడే కూర్చోబెట్టి పనికి పోయింది.

మేడం వాళ్ళ నాన్నగారు పోయాక అమ్మగారు కెనడాలో ఒక్కరే ఉండేవారు. మేడం తప్ప వేరే సంతానం లేదు. కొన్నాళ్ళకు ఆవిడ మూత్రపిండాలు రెండూ చెడిపోయాయి. రోజు విడిచి రోజు ఆస్పత్రికి వెళ్ళి రక్తం శుద్ధి చేయించుకుంటే తప్ప బతకని స్థితి. ఆ సదుపాయం వదిలించి ఆవిడను చీరాల తీసుకురావడమంటే చంపుకోవడమే. కబురు తెలిసిన వెంటనే మేడం ఒక్కరే వెళ్ళారు. అప్పటికే ప్రభాకరం గారికి షుగరు వల్ల చూపు బాగా మందగించింది. "నేను చూసుకుంటాగా ఉమా, నువ్వెళ్ళిరా" అని ధైర్యం చెప్పి పంపారు. ఆమె వెళ్ళిన రెండో వారంలో, రంగు మరుగుతున్న గాబు అంచు కనపడక ఆయన అందులో చెయ్యి పెట్టారు. ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళాను. మోచేతి దాకా తోలు ఊడిపోయింది. ఫోనులో ఆమెకు చెప్పొద్దని ఆయన నా చేత ఒట్టు వేయించుకోబోయారు. నేను ఒప్పుకోలేదు. చెప్పాను. మేడం తల్లిని వదిలి తిరిగొచ్చారు. వచ్చిన రోజు ఆయన చేతి కట్టు మార్చుతూ, "ఇక్కడుంటే అక్కడ అమ్మ, అక్కడుంటే ఇక్కడ నువ్వు. మనమిద్దరం కలిసి వెళ్ళడం తప్ప దారి లేదు ప్రభాకర్" అన్నారు.

చుట్టపుచూపు వీసా అయితే కొన్ని నెలలకే తిరిగి రావాలి. ఆయన అక్కడే ఉండాలంటే భార్యగా ఆమె స్పాన్సర్ చెయ్యాలి. గుంటూరులో వీసా పనులు చూసే ఒకాయన దగ్గరికి ముగ్గురం బస్సులో వెళ్ళాం. ప్రభాకరం గారికి చెయ్యి ఆసరా ఇవ్వడానికి నన్ను తోడు రమ్మన్నారు. ఆ కన్సల్టెంటు మర్యాదస్తుడే. పెళ్ళి నిజమైనదని చూపడానికి ఏ ఇబ్బందీ లేదన్నాడు. "అసలు చిక్కు వేరే ఉంది మేడం. మీరు అక్కడి పౌరులే గానీ ఉండేది ఇక్కడ. మీవారికి వీసా వస్తే మీరు కూడా వెళ్ళి అక్కడే కాపురం పెడతారని వాళ్ళకి నమ్మకం కలగాలి. మీకేమో ఇక్కడ సొంతిల్లు, స్కూలు, ఇన్నేళ్ళ బతుకు. అక్కడ చూపించడానికి ఏముంది?" అన్నాడు. "మా అమ్మ ఉంది" అన్నారు మేడం. ఆయన కలం పక్కన పెట్టి, "అది చాలదండి" అన్నాడు నెమ్మదిగా.

అక్కడ ఎంతకాలం ఉండదలిచారు అన్న ప్రశ్నకు మేడం తనకు తోచిందే రాశారు. అమ్మ బతికి ఉన్నంతకాలం అక్కడే ఉంటాం, ఆ తర్వాత మా ఊరు తిరిగి వచ్చేస్తాం అని. కన్సల్టెంటు తల పట్టుకున్నాడు. "ఆ రెండో మాట ఎందుకండీ? ఎవరడిగారు?" అన్నాడు. "అడిగారుగా. ఎంతకాలం అనే అడిగారుగా" అన్నారామె. నెలల తరబడి ఎదురుచూశాక జవాబు వచ్చింది. ఎక్కడా కటువుగా లేదు. స్పాన్సరు అక్కడ స్థిరపడే ఉద్దేశంతో ఉన్నట్టు తృప్తికరమైన ఆధారాలు లేనందున అంగీకరించలేకపోతున్నామని ఉంది. మేడం దాన్ని చదివి నాకిచ్చారు. "వాళ్ళది తప్పు కాదు పద్మా. నాకు నిజంగానే ఆ ఉద్దేశం లేదు" అన్నారు.

ఆ తర్వాత వాళ్ళింట్లో జరిగిన గొడవకు నేనూ సాక్షిని. ప్రభాకరం గారు గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి విన్నాను. "ఒక్క మాట మార్చి రాయవే! శాశ్వతంగా అని రాస్తే నీ సొమ్మేం పోయింది? తర్వాత రావాలనిపిస్తే వస్తాం. ఎవరొచ్చి ఆపుతారు?" అన్నారు. "అబద్ధం రాసి అమ్మ దగ్గరికి వెళ్ళనా?" అన్నారామె. "అక్కడ ముసలామె నీ కోసం కళ్ళల్లో ప్రాణాలు పెట్టుకుని చూస్తంటే నీకు మాట పట్టింపా?" అని ఆయన అరిచారు. అంతలో ఫోను మోగింది. అమ్మగారే. ఆవిడ గొంతు గది అంతా వినిపించేంత పెద్దగా ఉండేది. "బండి ఎక్కావటే తల్లీ? ఎందాక వచ్చావు?" అని అడిగారావిడ. జబ్బుతో అప్పుడప్పుడు మతి తప్పుతోంది. కూతురు చీరాల నుంచి రైల్లో వస్తోందనుకుంటున్నారు. మేడం రిసీవరును రెండు చేతులతో పట్టుకున్నారు. "వస్తున్నానమ్మా, దారిలోనే ఉన్నా" అన్నారు. ఆమె నోట అబద్ధం వినడం నాకు అదొక్కసారే.

మళ్ళీ దరఖాస్తు పెట్టినప్పుడు శాశ్వతంగా అనే రాశారు. ఇంకొకరైతే రాసి ఊరుకునేవారు. ఆమె ఊరుకోలేకపోయారు. రాసిన మాట అబద్ధం కాకూడదని దాన్ని నిజం చేయడానికి పూనుకున్నారు. ఇల్లు అమ్మేశారు. తానే గోడలకు రంగు వేయించి, పెరట్లో కరివేపాకు చెట్టు నాటి కట్టుకున్న ఇల్లది. "ఇల్లు అద్దెకిచ్చినా చాలునండి, అమ్మక్కర్లేదు" అని కన్సల్టెంటు ఫోను చేసి మరీ చెప్పాడు. "అద్దెకిస్తే తిరిగొస్తానని నాకు తెలుస్తూనే ఉంటుంది కదండీ" అన్నారు మేడం. ప్రభాకరం గారు రంగుల షెడ్డు తమ్ముడి కొడుక్కి ఇచ్చేశారు. ఇచ్చిన రోజు షెడ్డులో ఒక్కో గాబునూ చేత్తో తడుముతూ తిరిగారు. రంగు ఏదో వాసనతో చెప్పగలిగేవారు ఆయన. ఇది నీలి, ఇది మందారం అని తనకు తానే చెప్పుకుంటుంటే మేడం గుమ్మంలో నిలబడి చూశారు. లోపలికి రాలేదు.

ఇక స్కూలు. నేను నడుపుతానని ఎంతో చెప్పాను. కానీ అనుమతి ఆమె పేరు మీద ఉంది, గోడౌను ఆమె మొహం చూసి ఇచ్చారు. ఆమె వెళ్ళిపోతున్నారని తెలియగానే తల్లిదండ్రులు పిల్లల్ని ఒక్కొక్కరినే మాన్పించడం మొదలుపెట్టారు. ఆఖరి రోజు మేడం తల్లులందర్నీ పిలిపించారు. ఏదో సంజాయిషీ చెప్పబోతుంటే నాగరత్నం లేచింది. "మీ అమ్మ కోసం పోతన్నారు, పోండి. కాదనేదానికి మేమెవరం? కానీ మేడమ్మా, మీరుండారనేగా మేం ఆశపడింది. లేకుంటే మా బతుకులు మాకు తెలవవా? ఇప్పుడీ పిల్లని ఏం జెయ్యమంటారు?" అని అడిగింది. తెలియదన్న మాట కూడా ఆ రోజు మేడం నోటికి రాలేదు. నాగరత్నం మొహం తిప్పుకుని, కూతుర్ని లాక్కుని వెళ్ళిపోయింది. మరుసటి వారమే గోడౌనులో జీడి బస్తాలు దిగాయి. ఆ ఎండాకాలంలో ఆ పిల్ల తల్లి పక్కన కూర్చుని గింజలు కొడుతూ కనిపించింది. నన్ను చూసి చేతులు వెనక్కి దాచుకుంది.

ఆ తర్వాత ఎదురుచూపులు. వాళ్ళిద్దరూ చీరాలలో ఒక చిన్న అద్దె గదిలో, సూట్‌కేసులు సర్దుకుని ఉండేవారు. వంటకు రెండు గిన్నెలు మాత్రం బయట ఉంచుకున్నారు. ప్రభాకరం గారిని ఇంటర్వ్యూకు పిలిచారు. అడిగిన ఆఫీసరు, "మీ ఆవిడ ఇక్కడ ఇంకేం మిగుల్చుకున్నారు?" అన్నాడట. "ఏమీ లేదండి. నన్నొక్కడినే" అన్నారట ఈయన. అది చెప్పి ఆయన నవ్వబోయారు. మేడం మాత్రం నవ్వలేదు.

వర్షాకాలం మొదట్లో ఒక పొద్దున నేను వెళ్ళేసరికి మేడం గుమ్మంలో కూర్చుని ఉన్నారు. లోపల ప్రభాకరం గారు గోడకు ఆనుకుని ఏడుస్తున్నారు. ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి. "అమ్మ పోయింది పద్మా. అక్కడివాళ్ళే అన్నీ చేసేశారట" అన్నారు. ఆమె పక్కన కూర్చున్నాను. "దారిలోనే ఉన్నానని చెప్పాను" అన్నారు. వీసా వచ్చిందన్న కబురు అందింది కర్మలు అయిన తర్వాత. ఆధారాలన్నీ సంతృప్తికరంగా ఉన్నాయట.

వెళ్ళొద్దని నేను బతిమాలాను. అప్పుడామె అన్న మాటలు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి. "ఎక్కడ ఉండను? ఇల్లు లేదు. నాగరత్నం వీధిలో కనపడితే తల తిప్పుకుంటోంది. ప్రభాకర్ కళ్ళకైనా అక్కడ ఏదైనా చేయిస్తాను." వెళ్ళారు. కళ్ళకు ఆలస్యమైపోయిందని అక్కడి డాక్టర్లు చెప్పారు. ఆమెకు ఒక వృద్ధాశ్రమంలో పని దొరికింది. ఆమె పనికి పోయాక ఆయన తెలుగు వినపడని, మంచు తప్ప ఏదీ లేని ఊళ్ళో పగలంతా కిటికీ దగ్గర కూర్చునేవారు. ఒకసారి ఫోనులో నన్ను, "అమ్మాయ్, అక్కడ ఎండగా ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. "నూలు ఆరుద్దిలే అయితే" అన్నారు. మూడో చలికాలం ఆయన దాటలేదు.

వచ్చేయండి మేడం, మా ఇంట్లో ఉందురుగాని అన్నాను. "రావడానికి ఒక చోటు ఉండాలి పద్మా. దాన్ని నా చేతులతో నేనే లేకుండా చేసుకున్నాను" అన్నారు. ఆ తర్వాత ఫోన్లు పలచబడ్డాయి. ఒకనాడు ఆ నంబరు పనిచేయడం మానేసింది. తెలిసినవాళ్ళ ద్వారా ఎంత అడిగించినా జాడ దొరకలేదు.

నేనిప్పుడు గవర్నమెంటు స్కూల్లో టీచర్ని. ఆమె దగ్గర నేర్చుకున్న మాట తీరే ఇప్పటికీ నాది. దానివల్ల మేలు జరిగిందో కీడు జరిగిందో తేల్చుకోలేకపోయాను. ఈ ఏడాది బడి తెరిచిన రోజున, పొలం పనులకు పోయే ఒక తల్లి కొడుకుని నాకప్పగించి, "వీడు పదో తరగతి పాసయ్యేదాకా మీరు ఈడనే ఉంటారు గదా టీచరమ్మా?" అని ఆశగా అడిగింది. ఉంటానని చెబితే ఆమె సంతోషంగా వెళ్ళేది. బదిలీలు నా చేతిలో లేవని, ఈ ఏడాది వరకే మాట ఇవ్వగలనని చెప్పాను. ఆమె మొహం చిన్నబోయింది. అలా చిన్నబోయిన మొహాన్ని చూస్తూ నిలబడటం, చూపు తిప్పుకోకుండా నిలబడటం, ఇదొక్కటే నాకు చేతనైంది.